సీఎస్‌ఆర్ సొమ్ము దళితవాడ దాకా రావాలంటే

ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు మీదో, బడి గోడ మీదో కంపెనీ పేరు కనిపిస్తే అది ఆ కంపెనీ చేసిన దానమనుకుంటారు చాలామంది. నిజానికి అందులో ఎక్కువ భాగం దానం కాదు, చట్టం పెట్టిన బాధ్యత. ఆ పని చేసేది కూడా చాలాసార్లు కంపెనీ కాదు, దానితో ఒప్పందం చేసుకున్న స్వచ్ఛంద సంస్థ. ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలిస్తే, దళితవాడలు తమ వాటా ఎక్కడ అడగాలో తెలుస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ముందటి ఆర్థిక సంవత్సరంలో రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవర్, రూ.5 కోట్ల నికర లాభం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీకి ఇది వర్తిస్తుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) పనులకు ఖర్చు పెట్టాలి. ఏ పనులకు పెట్టవచ్చో ఏడో షెడ్యూలులో ఉంది. విద్య, వైద్యం, తాగునీటితో పాటు, సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతలను తగ్గించే చర్యలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

అయితే జాబితాలో ఉన్నంత మాత్రాన చేసి తీరాలని లేదు. అందులో దేన్ని ఎంచుకోవాలన్నది కంపెనీ బోర్డు ఇష్టం. ప్రభుత్వ బడ్జెట్ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్నాయి. సీఎస్‌ఆర్‌కు అలాంటి నిష్పత్తి ఏదీ లేదు.

గేటు దగ్గరే ఆగిపోయేవాళ్లు

కంపెనీ నుంచి ఈ సొమ్ము తీసుకుని పనిచేయాలంటే ట్రస్టుగానో, సొసైటీగానో, సెక్షన్ 8 కంపెనీగానో రిజిస్టరై ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదు ఉండాలి. అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు కూడా తీసుకోవాలి. కంపెనీయే సొంతంగా పెట్టుకున్న ఫౌండేషన్‌కు మాత్రం మూడేళ్ల అనుభవం షరతు లేదు.

ఆడిటర్‌ను పెట్టుకోగల పెద్ద సంస్థలకు ఇది కష్టం కాదు. వాడలో ట్యూషన్ నడిపే యువజన సంఘానికి, పారిశుధ్య కార్మికుల సంఘానికి ఇదే పెద్ద గోడ. దాంతో దళితులు లబ్ధిదారుల జాబితాలో ఉంటారు గానీ, ఏం చేయాలో తేల్చే బల్ల దగ్గర ఉండరు. ప్లాంటు ఊరి మధ్యలో పెట్టాలా, వాడలో పెట్టాలా అన్నది అక్కడే తేలుతుంది. ఆ నీళ్లు ఎవరు స్వేచ్ఛగా పట్టుకోగలరన్నది దాన్నిబట్టే ఉంటుంది.

లెక్కలో కులం లేదు

ఏ ప్రాజెక్టుకు ఎంత ఖర్చయిందో కంపెనీ చెప్పాలి. అది ఏ కులం వాళ్లకు చేరిందో చెప్పనక్కర్లేదు. మార్కెట్లో లిస్టయిన 1,000 పెద్ద కంపెనీలు 2022-23 నుంచి సెబీకి ఇచ్చే బాధ్యతా నివేదికలో, లబ్ధిదారుల్లో బలహీన, అణగారిన వర్గాల వాళ్లు ఎంత శాతమన్న ప్రశ్న ఉంది. దానికి జవాబివ్వడం ఐచ్ఛికం. ఇచ్చినా, అందరినీ కలిపి ఒకే అంకె. అందులో దళితులెందరో తెలియదు.

ఏం అడగవచ్చు?

మొదటిది, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ మండలం పేరుతో వచ్చిన పని వాడకు చేరిందో లేదో పోల్చి చూడవచ్చు. ఎన్‌టీపీసీ, ఎన్‌ఎండీసీ, సింగరేణి లాంటి ప్రభుత్వరంగ సంస్థలైతే సమాచార హక్కు కింద వివరాలు అడగవచ్చు.

రెండోది, తాము పనిచేసే ప్రాంతానికి కంపెనీలు ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షనే అంటోంది. ఫ్యాక్టరీ పొగ, దుమ్ము మీదపడే వాడలు ఈ మాట పట్టుకుని రాతపూర్వకంగా అడగాలి.

మూడోది, సీఎస్‌ఆర్ సొమ్ముతో కట్టిన భవనం, కొన్న యంత్రం కంపెనీ పేరున ఉండకూడదు. లబ్ధిదారుల స్వయం సహాయక బృందం పేరున, సంఘం పేరున ఉండవచ్చని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ఎస్సీ మహిళా సంఘాలు ఒప్పందం కుదిరే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

నాలుగోది, మూడేళ్ల సగటున రూ.10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, రూ.కోటి, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టుల ప్రభావాన్ని బయటి సంస్థతో అంచనా వేయించాలి. ఆ అంచనాలో కులాలవారీ లెక్క కావాలని అడగడాన్ని ఏ నిబంధనా అడ్డుకోదు.

ఈ లాభాల్లో దళిత కార్మికుల చెమట ఉంది, చాలాచోట్ల దళితుల భూమీ ఉంది. కాబట్టి ఇది సాయం కోసం చేతులు చాచడం కాదు. చట్టం పక్కన పెట్టించిన సొమ్ముకు లెక్క అడగడం.