థిన్నరు సీసా వెనుక కథ

బొమ్మ విమానమునకు రంగు వేయువారికి థిన్నరు ఎన్నిక చిన్న పనిగా తోచును. కాని ఆ సీసా వెనుక ఒక యుద్ధకాలపు కథ కలదు.

మొదటి ప్రపంచ యుద్ధమున కార్డైటు అను తుపాకిమందు తయారీకి అసిటోను విరివిగా కావలసివచ్చెను. మాంచెస్టరులో రసాయన శాస్త్రజ్ఞుడు ఖైమ్ వైజ్‌మన్ మొక్కజొన్న పిండిని ఒక బాక్టీరియా చేత పులియబెట్టి దానిని తయారుచేసెను. అయితే ఒక పాలు అసిటోనుతో సుమారు రెండు పాళ్లు బ్యుటనాలు కూడ వచ్చెడిది. అప్పట్లో దానిని కోరువారు అరుదు.

యుద్ధానంతరము దానికి పని దొరకినది. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ నైట్రోసెల్యులోజుతో డ్యూకో లాకరు వెలువరించెను. 1924 నమూనా ఓక్లండు కార్లకు దానిని పూసిరి. ఇట్టి లాకర్ల థిన్నరులో బ్యుటనాలునుండి చేసిన బ్యుటైలు అసిటేటు ముఖ్యమయ్యెను. అసిటోను అతిత్వరగా ఆవిరియై పూతను చల్లబరచును. అప్పుడు గాలిలోని తేమ చేరి పూత తెల్లబారును. నెమ్మదిగా ఆవిరియగు బ్యుటైలు అసిటేటు ఈ దోషమును తగ్గించును.

రెండవ యుద్ధము పిదప పాలిస్టైరీను బొమ్మలు ప్రబలెను. లాకరు థిన్నరు ఆ ప్లాస్టిక్కునే కరగించగలదు. దట్టముగా పడినచో రెక్కలపై సన్నని గీతలు చెరిగిపోవును. ఎనామెలుకు వాడు మినరల్ టర్పెంటైన్ అంత తీవ్రమైనది కాదు. నీటితో కలియు ఆక్రిలిక్ రంగులకు నీరే చాలును.

పారదర్శకమైన పైపూతకును ఇదే సూత్రము: థిన్నరు పైపూతను పలుచన చేయవలెను, క్రింది రంగును కదిలించరాదు. పనికిరాని ముక్కపై ముందు పరీక్షించినచో దినముల శ్రమ దక్కును.