జోడ్‌భావి పేట: మన పేట కథ

ఉగాదినాడు మన యింట వేపపూవు పచ్చడి చేసికొందుము. అదే దినమున ప్రక్కనున్న మరాఠీవారు గుమ్మము ముందర గుడి నిలుపుదురు. రెండిండ్ల పిల్లలును రెండు పండుగలు చేసికొందురు. ఇట్టి షోలాపూరులో మన వారి పేటలలో జోడ్‌భావి పేట ఒకటి. జోడు బావుల పేట అని పేరే చెప్పుచున్నది. బావి అను మాట మనకును కన్నడిగులకును ఒక్కటే.

షోలాపూరు పాత ఊరు. 12వ శతాబ్దమునాటి సిద్ధరామేశ్వరుని పేరుతో ప్రసిద్ధికెక్కినది. 1818లో ఇచటి కోటను పేష్వాల చేతినుండి ఇంగ్లీషువారి వశము చేసినవాడు, అంతకుముందు దత్తమండలములలో కలెక్టరుగా నుండిన మన్రో దొర. ఆయన పుట్టినది స్కాట్లండులో. 1860లో రైలు వచ్చెను. 1877లో నూలుమిల్లు వచ్చెను. రైలుతో బజారు, మిల్లుతో నూలు దగ్గరయ్యెను.

సరిగా ఆ కాలముననే, 1876 నుండి 1878 వరకు, దక్కనునంతటిని కరవు పీడించెను. సీమగుడ్డ వలన పల్లెలో మగ్గమునకు అంతకుముందే గిరాకి తగ్గియుండెను. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల పద్మశాలీలు షోలాపూరు త్రోవ పట్టిరి. అందరును ఒక్కసారి వచ్చినవారు కారు. ముందు అన్న, వెనుక తమ్ముడు, తరువాత మేనమామ, ఇట్లు తరతరములుగా వచ్చుచుండిరి.

ఆ రోజుల చేనేత యిల్లు అనిన సగము మగ్గము, సగము సంసారము. తాత మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి నాడె విసరుచుండును. బాపమ్మ రాట్నముపై కండెలు చుట్టును. పడుగు సాగదీయుటకు వీధియే చావడి. గంజి పెట్టునాడు ఇరుగుపొరుగువారు చేయి వేయనిదే పని సాగదు. కూలి దండినది ఒక్కనికే అయినను పని యింటిల్లిపాదిదియును. మర మగ్గములు వచ్చిన పిదప గుంటలు పూడిపోయెను. ఆడువారనేకులు బీడీలు చుట్టి సంసారములు నిలబెట్టిరి. జకార్డు మగ్గముపై పూలుపడు షోలాపూరు చద్దరు దేశమంతట పేరు పొంది, 2005లో భౌగోళిక గుర్తింపు ముద్రను సంపాదించెను.

చద్దరుకు ముద్ర వచ్చినది. దానిని నేసిన చేతుల కథ మాత్రము వ్రాతకెక్కలేదు. ఊరి చరిత్ర చెప్పువారు మిల్లులను చెప్పుదురు, 1931 జనవరి 12న ఉరికంబమెక్కిన నలుగురు వీరులను స్మరింతురు. అది యుక్తమే. కాని మన తాత ఏ పల్లెనుండి, ఏ సంవత్సరమున, ఎవరి వెంట వచ్చెనో మన పిల్లల నడుగుడు. ఇంటిపేరు చెప్పుదురు, ఊరి పేరు చెప్పలేరు. చెప్పగల ముసలివారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

ఆ మన్రో దొర పుట్టిన దేశముననే కిల్‌బార్కన్ అను చిన్న ఊరు కలదు. అదియును చేనేతవారి ఊరే. అచట 1723లో కట్టిన ఒక నేతగాని యింటిని, మగ్గముతో సహా, కాపాడి జనులకు చూపుచున్నారు. అది రాజుగారి మేడ కాదు, ఒక నేతగాని యిల్లు. మన పేటలోను అట్టి యిండ్లు ఎన్ని యుండెనో మన పెద్దలకు తెలియును.

కావున ఈ యుగాదికి ఒక పని చేయుదము. ప్రతి యింటివారును ఒక నోటుబుక్కులో తమ తాతల ఊరు, వచ్చిన కాలము, నేసిన బట్ట వ్రాసియుంచుడు. అటుకమీద నాడెయో, రాట్నమో మిగిలియున్న పాతసామానువానికి తూచి యమ్మకుడు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ రథోత్సవమునకు పిల్లలను వెంటబెట్టుకొని పోయినప్పుడు ఆ కథ వారికి చెప్పుడు.

భావి అనిన మన భాషలో రాబోవు కాలము. బావిని మరచిన పేటకు భావి యుండదు. అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.