రోస్ట్రాన్ బహుమాన గడియారం

టైటానిక్ ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ ముగ్గురు స్త్రీలు 1912లో కార్పేథియా నౌక కెప్టెన్ ఆర్థర్ హెన్రీ రోస్ట్రాన్‌కు (1869–1940) కృతజ్ఞతగా బహూకరించిన జేబు గడియారం. 18 క్యారట్ల బంగారంతో చేసినది. టిఫనీ అండ్ కో సంస్థది. దాతల పేర్లు, 1912 ఏప్రిల్ 15 తేదీ దాని మీద చెక్కించారు.

నడిసముద్రంలో ప్రాణాలు నిలిపినవారికి పేరు చెక్కించిన గడియారం ఇవ్వడం 19వ శతాబ్దంలోనే ఉంది. తమ నావికులను కాపాడిన విదేశీ కెప్టెన్లకు అమెరికా అధ్యక్షులు బంగారు గడియారాలు పంపేవారు. జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ కూడా ఇచ్చేవాడు.

కార్పేథియా కునార్డ్ కంపెనీ ఓడ. 1912 ఏప్రిల్ 11న న్యూయార్క్‌లో బయల్దేరి మధ్యధరా రేవులకు వెళ్తోంది. 14వ తేదీ అర్ధరాత్రి దాటాక వైర్‌లెస్ ఉద్యోగి హెరాల్డ్ కాటమ్ టైటానిక్ ఆపద కబురు విని, పడుకున్న కెప్టెన్‌ను లేపాడు. రోస్ట్రాన్ లెక్క ప్రకారం దూరం 58 నాటికల్ మైళ్లు. ఆయన ముందు ఓడను మళ్లించాడు, ఆ తర్వాతే వివరాలు అడిగాడు. గదులకు వెచ్చదనం, వేడినీళ్లు ఆపించి ఆవిరినంతా ఇంజన్లకు పెట్టించాడు. కాపలాకు అదనపు మనుషులను నిలిపి, మంచుకొండల మధ్య నుంచే ఓడను పరుగెత్తించాడు. ఈలోగా దుప్పట్లు, కాఫీ, తాళ్ల నిచ్చెనలు, పసిపిల్లలను పైకి లాగడానికి కాన్వాస్ సంచులు సిద్ధమయ్యాయి. వైద్యులకు తలా ఒక భోజనశాల అప్పగించాడు. సాహసంకన్నా ఈ ముందుచూపే మెచ్చదగినది. తెల్లవారుజామున నాలుగింటికి మొదటి పడవ చేరింది. మొత్తం 700 మందికి పైగా ఓడెక్కారు.

దాతలు మాడలీన్ ఆస్టర్, మేరియన్ థేయర్, ఎలినార్ వైడెనర్. ముగ్గురూ నాలుగో నంబరు పడవలో వచ్చినవారే, ముగ్గురి భర్తలూ మునిగిపోయినవారే. వైడెనర్‌కు కొడుకు హ్యారీ కూడా దక్కలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని వైడెనర్ గ్రంథాలయం అతని పేరిట కట్టించినదే. ప్రాణాలతో మిగిలినవారందరి తరఫున కెప్టెన్‌కు వెండి కప్పు, సిబ్బందికి పతకాలు వేరుగా ముట్టాయి. అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం ప్రకటించింది. ఈ గడియారం మాత్రం ముగ్గురి సొంత కానుక.

కార్పేథియాను 1918 జూలైలో జర్మన్ జలాంతర్గామి ముంచింది. అప్పటికి రోస్ట్రాన్ ఆ ఓడలో లేడు. 1926లో సర్ బిరుదు పొందాడు.

గడియారం 2024 నవంబరులో ఇంగ్లండ్‌లోని డివైజెస్‌లో వేలానికి వచ్చి 15.6 లక్షల పౌండ్లు పలికింది. టైటానిక్ సంబంధిత వస్తువుల్లో అప్పటికి అదే రికార్డు. అంతకుముందు అదే ఏడాది, అదే ఊళ్లో, మాడలీన్ భర్త జాన్ జేకబ్ ఆస్టర్ మృతదేహం దగ్గర దొరికిన గడియారం సుమారు 12 లక్షలకు అమ్ముడైంది. 2025 నవంబరులో రోస్ట్రాన్ గడియారం రికార్డును మరో గడియారమే దాటింది. అది టైటానిక్‌తో పాటు మునిగిన ఇసిడోర్ స్ట్రాస్‌ది.