నాచు, లైకెన్ల నమోదులో ప్రజల భాగస్వామ్యం

గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలు అన్ని మండలాలలోనూ లేవు. అయితే గుట్టల రాళ్లపైన, చెట్ల బెరడుపైన పెరిగే లైకెన్లు, నాచు మొక్కలు గాలిలో వచ్చే మార్పులకు ఏళ్ల తరబడి సాక్ష్యంగా నిలుస్తాయి. రామన్నపేట పరిసరాల గుట్టలు మొదలుకొని నల్లమలలోని అమ్రాబాద్ అడవుల వరకు స్థానికులే వీటిని నమోదు చేయడానికి చట్టబద్ధమైన వేదిక ఉన్నది.

లైకెన్ అనగా

శిలీంధ్రం, శైవలం కలిసి జీవించే రూపమే లైకెన్. మసాలా దినుసుగా వాడే రాతిపువ్వు ఈ కోవకు చెందినదే. లైకెన్లకు, నాచు మొక్కలకు నిజమైన వేర్లు లేవు. ఇవి తేమను, పోషకాలను చాలావరకు వాన, మంచు, గాలి నుండి నేరుగా గ్రహిస్తాయి. అందువలన సల్ఫర్ డయాక్సైడ్ వంటి కాలుష్యాల ప్రభావం వీటిపై త్వరగా కనబడుతుంది. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2010లో ప్రచురించిన జాబితాలో దేశంలోని 2,300కు పైగా లైకెన్ జాతులు నమోదైనవి.

ఇతర దేశాల అనుభవం

ప్యారిస్ ఉద్యానవనంలోని లైకెన్లకు, గాలి స్వచ్ఛతకు గల సంబంధాన్ని నైలాండర్ 1866లోనే గుర్తించారు. ఇంగ్లండులో 2009లో ప్రారంభమైన 'ఓపల్' గాలి సర్వేలో విద్యార్థులు, సాధారణ పౌరులు చెట్లపై సులభంగా గుర్తించదగిన తొమ్మిది రకాల లైకెన్లను పరిశీలించి వివరాలు పంపారు.

చట్టపరమైన అవకాశం

జీవవైవిధ్య చట్టం–2002లోని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయవలసి ఉన్నది. ఈ కమిటీలు ప్రజల భాగస్వామ్యంతో రూపొందించే జీవవైవిధ్య రిజిస్టర్లలో నాచు, లైకెన్ల వివరాలను కూడా చేర్చవచ్చును.

పాటించవలసిన అంశాలు

- పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, కెమెరా ఉంటే చాలును. తేదీ, స్థలం, రాయి లేక చెట్టు రకం తప్పక వ్రాయవలెను.
- నాచు మొక్కల పరిశీలనకు వర్షాకాలం అనుకూలం.
- కొన్ని జాతులను ఫొటోతో నిర్ధారించలేము. సూక్ష్మదర్శిని, రసాయన పరీక్షలు అవసరమగును. అట్టి వాటిని వృక్షశాస్త్ర నిపుణులకు నివేదించవలెను.
- వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 ప్రకారం అభయారణ్యాలలో ప్రవేశానికి అటవీ శాఖ అనుమతి పొందవలెను. నమూనాలను గీకి తీయరాదు.
- ఒకచోట లైకెన్లు లేనంత మాత్రాన కాలుష్యమే కారణమని ప్రకటించరాదు. ఎండ, తేమలేమి కూడా కారణాలు కావచ్చును.

పలు లైకెన్లు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరగవు. రాయి పగిలినా, చెట్టు కూలినా కోల్పోయిన దానిని తిరిగి పొందడానికి దశాబ్దాలు పట్టును. ఇప్పటి స్థితి నమోదై ఉంటేనే రేపటి నష్టాన్ని ఆధారాలతో నిరూపించడం సాధ్యమగును.