గుమ్మం బయట క్యారేజీ

2020లో ముక్కోటి ఏకాదశీ, క్రిస్మస్సూ ఒక్కరోజునే, డిసెంబరు 25నే వచ్చాయి. ఆ ఏడు తిరుమలలో వైకుంఠ ద్వారాన్ని మామూలు రెండు రోజులకి బదులు ఏకంగా పది రోజులు తెరిచి ఉంచారు. అప్పుడు నేనున్న లండన్‌లోనేమో ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటి గడప దాటి లోపలికి రావడం చట్టరీత్యా నేరం. "దేవుడు తలుపులు తెరిస్తే దొరలు మూశారమ్మా!" అని మా వీధిలో ఒకావిడ అననే అంది. నవ్వుకున్నాం. నవ్వుకోక చేసేదేముంది చెప్పండి?

కరోనా కాలంలో ఎందరు పోయారు, ఏ టీకా ఎప్పుడొచ్చింది అన్న లెక్కలు రాయడానికి పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పండగ నెలలు పరాయిదేశపు వంటింట్లో ఎలా గడిచాయో మాత్రం మనబోటి వాళ్ళమే రాసుకోవాలి. మా వారి ఉద్యోగం ధర్మమా అని ఆ రెండేళ్ళూ ఈస్ట్ హామ్‌లో కాపురం చేశాను గనక, ఆ సంగతులు మరుపున పడకముందే చెప్పేస్తాను.

ఈస్ట్ హామ్ అంటే లండన్‌కి తూర్పువైపు పేట. అక్కడి హై స్ట్రీట్ నార్త్‌లో నడుస్తూంటే మన ఊళ్ళో బజారుకి వెళ్ళినట్టే ఉంటుంది. మునక్కాయలు దొరుకుతాయి, కరివేపాకు దొరుకుతుంది, మహాలక్ష్మి అమ్మవారి గుడి కూడా ఆ రోడ్డు మీదే. అన్నీ ఉన్నా, పండగొస్తే మనసు మాత్రం ఊరికే పరిగెడుతుంది. అందుకే అక్కడి మనవాళ్ళ ఇళ్ళల్లో పండగ ఏర్పాట్లు పిండి కొట్టడంతో కాదు, టిక్కెట్టు కొనడంతో మొదలవుతాయి.

ఆ ఏడాది పంచాంగం కూడా మాకు సాయపడలేదు సుమండీ. అధిక ఆశ్వయుజం వచ్చి పండగలన్నీ నెల వెనక్కి జరిగాయి. అధికమాసం లేకపోతే దీపావళి అక్టోబరు మధ్యలోనే అయిపోయేది, నలుగురమూ ఎక్కడో ఒకచోట కలిసేవాళ్ళం. అలా కాక దసరా అక్టోబరు 25కి జరిగింది. దానికి ఎనిమిది రోజుల ముందే లండన్‌లో ఒకరిళ్ళకి ఒకరు వెళ్ళకూడదని ఆంక్ష పెట్టారు. దీపావళి నవంబరు 14న. అదేమో నవంబరు 5 నించి డిసెంబరు 2 దాకా సాగిన రెండో లాక్‌డౌన్‌కి మధ్యలో. నేను పేరంటం పిలుపులు ఫోనులో పిలిచి, తాంబూలం కెమెరాకి చూపించాను. అవతలివాళ్ళు బొట్టు వాళ్ళంతట వాళ్ళే పెట్టుకున్నారు!

ఇహ ఆశంతా డిసెంబరు మీద. ఎనిమిదో తేదీన కావెంట్రీ ఆసుపత్రిలో మార్గరెట్ కీనన్ అనే తొంభై ఏళ్ళ బామ్మగారికి మొదటి టీకా వేశారు. ఆవిడ చెయ్యి చాపి కూర్చున్న బొమ్మ టీవీలో చూసి, మా అమ్మకే వేసినంత సంతోషపడ్డాను. క్రిస్మస్‌కి అయిదు రోజులపాటు మూడు కుటుంబాలు కలుసుకోవచ్చని సర్కారువారు మాట కూడా ఇచ్చారు. పండగ రద్దు చెయ్యడం అమానుషం అని 16వ తేదీన చెప్పిన ప్రధానమంత్రి జాన్సన్‌గారే, మూడు రోజులు తిరక్కుండా, 19వ తేదీ శనివారం సాయంత్రం టీవీలోకి వచ్చి లండన్‌లో ఆ అర్ధరాత్రి నించే అంతా బంద్ అన్నారు. వైరస్ కొత్త రూపు ఎత్తిందట, మరీ వేగంగా అంటుకుంటోందట. గడువు దాటేలోగా బయటపడాలని జనం పెట్టెలు ఈడ్చుకుంటూ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కి పరుగులు తీశారు.

మా పక్కింట్లో వయసు మళ్ళిన ఇంగ్లీషు దంపతులుండేవారు. వాళ్ళబ్బాయి లీడ్స్‌లో ఉంటాడు, రైల్లో రెండు గంటల పైచిలుకు దూరం. మర్నాడు ఆ పెద్దావిడ కంచె అవతల నిలబడి, కొన్న పెద్ద టర్కీ కోడిని ఇద్దరం ఎన్నాళ్ళు తినాలో అని లెక్క చెప్పింది. అన్నాళ్ళూ 'పండక్కి ఊరు వెళ్ళడం' అనే బెంగ మనకొక్కరికే తెలుసనుకునేదాన్ని. ఆ రోజున ఆవిడా నేనూ ఒకే బడిలో పిల్లల్లా ఉన్నాం.

మా వంతు సోమవారం వచ్చింది. 22వ తేదీ అర్ధరాత్రి నించి బ్రిటన్ విమానాలు ఆపేస్తున్నామని మన ప్రభుత్వం ప్రకటించింది. మా టిక్కెట్టు 23న. కాకినాడలో మా అమ్మ అప్పటికే కజ్జికాయలు చేసి డబ్బాకెత్తింది. తప్పెవరిదంటే ఏం చెబుతాం? పక్క దేశం ఫ్రాన్సు కూడా తలుపేసుకుంది. కెంట్‌లో వేలాది లారీలు నిలిచిపోతే, ఆ డ్రైవర్లకి గ్రేవ్‌సెండ్ గురుద్వారాలో శనగల కూర వండి పంపినవాళ్ళు సిక్కులు. పరాయి దేశం వచ్చినవాళ్ళు ఆ దేశపు రోడ్డు మీద దిక్కులేక నిలబడినవాళ్ళకి అన్నం పెట్టారు. ఈ ముక్క మాత్రం చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కాలి.

విమానం లేదు, బజారు లేదు. నేను ఆ దేశపు పాత కథలు చదువుతూ కూర్చున్నాను. క్రిస్మస్ రద్దవడం వాళ్ళకి కొత్తేం కాదట. 1647లో ప్యూరిటన్ల ప్రాబల్యంలో ఉన్న పార్లమెంటు పండగే వద్దంటూ చట్టం చేస్తే, కాంటర్‌బరీ ఊళ్ళో జనం తిరగబడ్డారు. 1665లో లండన్‌ని ప్లేగు ఊడ్చేసినప్పుడు, జబ్బు సోకిన ఇంటికి ఎర్ర శిలువ గుర్తు వేసి, నలభై రోజులు తాళం పెట్టి కావలివాణ్ణి కూచోబెట్టేవారు. ఆ ఏటి క్రిస్మస్ నాడు డైరీ రాసే శామ్యూల్ పీప్స్ చర్చికి వెళ్ళి, అక్కడ జరుగుతున్న పెళ్ళి చూసి, పెళ్ళన్నది చూసి ఎన్నాళ్ళయిందో అని రాసుకున్నాడు. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

వీటన్నిటికన్నా నన్ను పట్టుకున్నది డెర్బీషైర్‌లోని ఈమ్ అనే పల్లెటూరి కథ. 1665లో లండన్ నించి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో ఆ ఊరికి ప్లేగు వచ్చిందంటారు. చర్చి గురువు మాంపెసన్ మాట మీద మర్నాటి సంవత్సరం ఊరివాళ్ళంతా పొలిమేర దాటమని కట్టుబడ్డారు, చుట్టుపక్కల ఊళ్ళకి అంటకూడదని. ఊరి చివర గుంటలున్న ఒక బండరాయి ఉంది. పొరుగూరివాళ్ళు తిండి తెచ్చి అక్కడ పెట్టిపోతే, వీళ్ళు ఆ గుంటల్లో వెనిగర్ పోసి అందులో డబ్బులు వేసేవాళ్ళు. దగ్గరవాళ్ళు ముఖాలు చూసుకోకుండా ఒకరికొకరు అన్నం అందించుకున్న చోటు అది.

అది చదివిన రెండో రోజున, డిసెంబరు 27న, మా పై అంతస్తులో ఉండే నరసరావుపేట అమ్మాయి వాళ్ళ నాన్నగారు పోయారు. కరోనా కాదు, గుండెపోటు. ఆ అమ్మాయి అక్కడో వృద్ధాశ్రమంలో రాత్రిపూట డ్యూటీ చేసేది. ఎవరి నాన్నకో మందులు మింగించడం, దుప్పటి కప్పడం తన పని. తన టిక్కెట్టు 24న. విమానం ఎగిరి ఉంటే పోయేనాటికి తండ్రి మంచం పక్కనే ఉండేది.

దహనం ఫోనులో చూసింది. నిప్పు పెట్టే వేళకి సిగ్నల్ పోయి బొమ్మ బిగిసిపోయిందని తరవాత చెప్పింది. అన్నగారు కర్మ చేస్తూంటే ఈమె పదో రోజూ అలాగే చూసింది, పన్నెండో రోజూ అలాగే చూసింది. పన్నెండో రోజు జనవరి 7. విమానాలు మళ్ళీ మొదలైనది 8న.

మన ఊళ్ళో అయితే చావు జరిగిన ఇంటి పొయ్యి వెలిగించనివ్వరు కదా, ఇరుగుపొరుగులే వండి తెస్తారు, పక్కన కూచుని ఓ ముద్ద తినిపిస్తారు. అక్కడ పక్కన కూచునే వీల్లేదు. నేనూ, ఎదురింటి తమిళావిడా వంతులేసుకుని చారూ అన్నం క్యారేజీలో సర్ది, మెట్ల మీద పెట్టి, గంట కొట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి నిలబడేవాళ్ళం. తలుపు తెరిచి ఆ అమ్మాయి మా వంక చూసేది. ఏడుస్తున్న ఆడపిల్లని దగ్గరికి తీసుకోకుండా నిలబడడం ఎంత కష్టమో, ఆ ఆరడుగులూ నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. నాలుగో రోజున మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయింది. అక్కడి ముసలివాళ్ళని చూసేవాళ్ళు మరి ఎవరున్నారు?

ఒకవేళ వెళ్ళగలిగినా ఊళ్ళో ఏమయ్యేదో! నవంబరు 25 నించి బ్రిటన్ నించి దిగినవాళ్ళందర్నీ వెతికి పట్టుకుని పరీక్షలు చేస్తున్న రోజులవి. డిసెంబరు 29న ఆ కొత్త రకం మన దేశంలో ఆరుగురిలో బయటపడింది. అందులో ఇద్దరి నమూనాలు పరీక్షించింది మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనే. ఫారిన్ నించి వచ్చారంటే ఒకప్పుడు చాక్లెట్లకీ సెంటు సీసాలకీ వీధివీధంతా వచ్చేది. ఆ ఏడు అదే వీధి కిటికీలు బిగించుకుంది. మా కజిన్ ఒకతె దిగిన మర్నాడే పాలవాడు పాలు గేటు బయటే పెట్టి పరిగెత్తాట్ట.

సంక్రాంతి వచ్చేసరికి మూడో లాక్‌డౌన్. భోగి నాడు నరసరావుపేట అమ్మాయి నా క్యారేజీ తిప్పి పంపింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అడుగున కాసిని బ్లూబెర్రీలు పోసింది. రేగుపళ్ళు ఎక్కడా దొరకలేదు, వాటినే చిల్లర పెన్నీలతో కలిపి మూడేళ్ళ కూతురి తలమీద పోశానంది. పాప తెల్లగౌనంతా నేరేడు రంగు.

ఏప్రిల్‌లో తలుపు అటువైపు నించి పడింది. మన దగ్గర రెండో విడత ఉధృతమవడంతో 23వ తేదీ నించి బ్రిటన్‌వారు మనల్ని ఎర్ర జాబితాలో చేర్చారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం గగనమైపోయింది. ఉద్యోగం పోతుందని ఆ అమ్మాయి ఆగిపోయింది.

తండ్రి ఏడూరి తిథి 2021 డిసెంబరు మధ్యలో వచ్చింది. అప్పటికి ఒమిక్రాన్ అని ఇంకోటి బయల్దేరింది గానీ, అదృష్టం బాగుండి విమానాలు ఆపలేదు. దిగగానే పరీక్ష చేసి, ఫలితం వచ్చేదాకా విమానాశ్రయంలోనే కూచోబెట్టేవారు. పాపని ఒళ్ళో వేసుకుని కూచున్న ఆ అమ్మాయి అక్కణ్ణించే నాకు ఫోన్ చేసింది. "నెగటివ్ వచ్చిందండీ, అన్నయ్య బయట కారు దగ్గరున్నాట్ట" అంది. ఇంకేమీ అనలేక పెట్టేసింది.