కూలి

తెలుగులో కూలి అంటే మొదట డబ్బు. 'కూలికి పోయాడు', 'కూలి గిట్టడం లేదు', 'ఇంకా కూలి ఇయ్యలేదు' అన్నప్పుడు మనం చెప్పేది పనికి దక్కాల్సిన సొమ్ము గురించే. మనిషిని చెప్పాలంటే కూలివాడు, కూలిమనిషి అని ఇంకో మాట చేర్చాలి. చివర దీర్ఘమిచ్చి 'కూలీ' అన్నామా, సొమ్ము పక్కకు పోయి మనిషి మిగులుతాడు.

ఇంగ్లీషువాళ్ల నోటికి ఈ మాట ఎక్కడిది? 1886లో వచ్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు రెండు దారులు చర్చించింది. గుజరాత్ వైపు ఉండే కోలీలనే జనం పేరు ఒకటి. తమిళంలోనూ వేతనమనే అర్థమున్న 'కూలి' రెండోది. జనం పేరా, జీతం పేరా? ఏది మూలమైనా, వలస దేశాల్లో ఆ రెండూ కలిసిపోయాయి. 1893లో దక్షిణాఫ్రికా చేరిన గాంధీని 'కూలీ బారిస్టర్' అన్నారు. ఆయన ఎవరి పొలంలోనూ దినకూలికి దిగలేదు. భారతదేశంలో పుట్టడమే ఆ పేరుకు చాలింది.

మాట అలా మారితే లెక్క కూడా మారుతుంది. మలయా రబ్బరు తోటల్లో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉండేవారు. భారతీయుల కూలికి అక్కడ ఒక నిర్ణీత రేటు ఉండేది: 1920ల చివర ప్రధాన ప్రాంతాల్లో రోజుకు మగవాళ్లకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40. చైనావాళ్లు చాలామంది గుత్తేదార్ల కింద, చేసిన పనిని బట్టి బేరమాడి తీసుకునేవారు. గిట్టకపోతే వేరే చోటికి పోయేవారు. అదే రబ్బరు పాలు, వాళ్ల చేతికి ఎక్కువ డబ్బు. 1941లో మలయాలోనే క్లాంగ్ తోటల భారతీయులు సమ్మె కట్టి, చైనావాళ్లతో సమానంగా ఇవ్వమన్నారు. దొర ఎదురైతే సైకిలు దిగి నిలబడాలన్న నియమం తీసేయాలన్నది ఇంకో కోరిక. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉండడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. రోజుకు ఇన్ని సెంట్లని కట్టిందీ, సైకిలు దింపిందీ ఒకే చూపు. సమ్మెను అణచడానికి సైన్యం దిగింది. నాయకుడు ఆర్.హెచ్. నాథన్‌ను దేశం దాటించారు.

మన ఊళ్లలో ఆడకూలి, మగకూలి అన్న మాటలు 1976 సమాన వేతన చట్టం వచ్చాక కూడా వాడుకలోంచి పోలేదు. ఇప్పుడు తెలంగాణలో వరినాట్లకు, హైదరాబాద్‌లో కట్టడాలకు బీహార్ నుంచి మనుషులు వస్తున్నారు. 'ఇద్దరు బీహారీలను పంపండి, తక్కువకు చేస్తారు' అంటున్నాం. పనివాళ్లు కావాలని అడుగుతూ మనం పలికేది ఒక రాష్ట్రం పేరు. దాని వెంటే, వాళ్లు ఇంకా పనిలోకి దిగకముందే, రేటు.