ఫార్మాట్ కొట్టక ముందు

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద వరసగా తగిలే ఊళ్లు జగ్గయ్యపేట, నందిగామ. పాత కృష్ణా జిల్లా మెట్ట. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. సిమెంటు, పత్తి, మిరప వ్యాపారాల లెక్కలు చిట్టా పుస్తకాల్లోంచి కంప్యూటర్లకు ఎక్కిన కాలంలో, అన్ని చిన్న పట్టణాల్లోలాగే ఇక్కడా రిపేరు దుకాణాలతో పాటు ఒక ఆచారం స్థిరపడింది. సిస్టమ్‌కి ఏమొచ్చినా ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించి ఇవ్వడం. దాన్ని బద్ధకమని కొట్టిపారేయడం తేలిక. నేను అలా అనను. ఒకప్పుడు అది పనికొచ్చిన వైద్యమే. కానీ ‘కొన్ని సైట్లే ఓపెన్ అవ్వట్లేదు’ అన్న ఫిర్యాదు దగ్గర మాత్రం అది ఉన్న సాక్ష్యాన్ని కాస్తా తుడిచేసింది. ఏవి వస్తున్నాయి, ఏవి రావడం లేదు అనే జాబితాయే ఆ సాక్ష్యం.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మామూలు ఇళ్లకు దొరికింది డయలప్. మోడెం కీచుమని కూసి కలిస్తే అన్నీ వచ్చేవి, కలవకపోతే ఏదీ లేదు. కరెంటు వచ్చింది, కుళాయి వచ్చింది అన్నట్టే ‘నెట్ వచ్చింది’ అన్నారు. సగం వచ్చి సగం రాకపోవడానికి ఆ మాటలో చోటు లేదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలై, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కలిపే పీపీపీఓఈ పద్ధతి ఇళ్లకు చేరాక ఈ సగం జబ్బుకూ దారి ఏర్పడింది. ఈథర్నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్ల దాకా పడతాయి. పీపీపీఓఈ అందులో 8 బైట్లు తన చీటీకి తీసుకుంటుంది, మిగిలేవి 1492. అంతకన్నా పెద్దది వస్తే ‘చిన్నది చేసి పంపు’ అని సైటుకి కబురు వెళ్లాలి. కొన్ని సైట్ల ఫైర్‌వాల్ ఆ కబురును గుమ్మంలోనే ఆపేస్తుంది. పత్తి బేళ్లు ఎత్తుగా కట్టిన లారీ వంతెన కింద ఇరుక్కుంది, పంపిన షావుకారుకి ఆ సంగతే తెలియదు. చిన్న పేజీలు దూరి వచ్చేస్తాయి. పెద్ద పేజీకి పైన పేరు కనబడుతుంది, కింద అంతా తెల్లగా నిలబడిపోతుంది. రౌటర్‌లో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం చెప్పే ఎంటీయూ అంకెను 1492కి దించడం దీనికి మందు. విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా ఆ 8 బైట్లు తిరిగి రావు.

మరి ఫార్మాట్‌తో బాగైన కంప్యూటర్ల మాటేమిటి? నిజమే, బాగయ్యాయి. విండోస్‌లో హోస్ట్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. అందులో 127.0.0.1 పక్కన ఒక సైటు పేరు రాస్తే కంప్యూటర్ ఆ సైటును తనలోనే వెతుక్కుని ఊరుకుంటుంది. వైరస్‌లు అక్కడ యాంటీవైరస్ కంపెనీల పేర్లు రాసిపెట్టేవి. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే కంప్యూటర్ పురుగు ఆ ఫైలు జోలికి పోకుండానే అదే పని చేసింది. మామూలు సైట్లన్నీ వచ్చేవి, మైక్రోసాఫ్ట్, యాంటీవైరస్ సైట్లు వచ్చేవి కావు. దాన్ని పట్టడానికి భద్రతా నిపుణులు కళ్ల డాక్టరు అట్టలాంటి పేజీ ఒకటి పెట్టారు. పై వరసలో భద్రతా కంపెనీల గుర్తులు, కింది వరసలో లినక్స్ వంటి వాటి బొమ్మలు. కింది వరస కనబడి పైది ఖాళీగా ఉంటే పురుగు చేరినట్టే. రాని బొమ్మే రోగం పేరు చెప్పింది. ఫార్మాట్ కూడా ఆ పురుగును ఊడ్చేది, కానీ ఫైళ్లు దాచుకున్న పెన్‌డ్రైవ్‌లోంచే అది మళ్లీ దిగగలదు.

గుమ్మంలో నలుగురు కాచుకుని ఉంటే జాబితాలు రాసుకునే తీరిక దుకాణదారుకి ఎక్కడిది అనొచ్చు. న్యాయమైన మాటే. అసలు చిక్కు అంతకన్నా ముందే ఉంది. సీపీయూ ఆటోలో దుకాణానికి వస్తుంది, లైను ఇంట్లోనే ఉండిపోతుంది. దుకాణం నెట్‌తో చూస్తే అన్నీ తెరుచుకుంటాయి, ఇంటికి తీసుకెళ్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇవాళ ఈ తేడా తేల్చడానికి ఆటో కూడా అక్కర్లేదు. అదే కంప్యూటర్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే, రాని సైటు వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది లైనునో రౌటర్‌నో. అప్పుడూ రాకపోతేనే కంప్యూటర్ వంక చూడాలి.

కంప్యూటర్‌దే తప్పయినా ఫార్మాట్ మేలే చేస్తుందని లేదు. బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సర్టిఫికెట్లు చెల్లవంటూ బ్రౌజర్ బ్యాంకు సైటును ఆపేస్తుంది. పాత డిస్కుతో ఎక్స్‌పీ ఎక్కిస్తే యంత్రం ఆ డిస్కు తయారైన ఏటికి పోతుంది. అప్పటికి పుట్టని సర్టిఫికెట్లను అది గుర్తుపట్టదు.

ఫార్మాట్ అయ్యాక దుకాణాల్లో ముందుగా ఎక్కించే వాటిలో వీఎల్‌సీ వీడియో ప్లేయర్ ఒకటి. 2022లో ప్రభుత్వ ఆదేశం వల్ల దాని సైటే మన దేశంలో చాలా లైన్ల మీద ఆగిపోయింది, కొన్ని కంపెనీల లైన్ల మీద మాత్రం వచ్చేది. నవంబరులో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ నెలల్లో అప్పుడే విండోస్ ఎక్కించిన కంప్యూటర్‌లో వీఎల్‌సీ పేజీ రాకపోతే, తుడవడానికి అందులో ఇంకేమీ మిగల్లేదు.